తప్పుకోమన్న మాట

హనుమాయమ్మకు పద్దెనిమిదో ఏటే భర్త పోయాడు. అప్పట్నుంచీ గుంటూరులో అన్న అంకమ్మరావు దగ్గరే ఉంటోంది. ఆయనకు మిరపకాయల కమీషన్ కొట్టు. ఆయన గానీ, వదిన వెంకటేశ్వరమ్మ గానీ ఆమెను ఏనాడూ పల్లెత్తు మాట అని ఎరగరు. అయినా అన్న కొట్టుకు బయల్దేరుతుంటే, పిల్లలు పరీక్షలకు వెళుతుంటే, ఎవరైనా శుభలేఖ పట్టుకుని గుమ్మం ఎక్కుతుంటే, తనంతట తనే వంటింట్లోకి తప్పుకునేది. నలభై దాటేసరికి, అలా తప్పుకుంటున్నానన్న సంగతి కూడా ఆమెకు తెలియడం మానేసింది.

అలాంటి మనిషిని పట్టుకుని సంజీవరావు గుమ్మంలో నిలబడమన్నాడు.

సంజీవరావు పక్కింటి మాస్టారు. ఆ ఏడు ఊళ్ళో పెట్టిన వ్యవసాయ ఎగ్జిబిషన్‌కు కమిటీ మెంబరు. సాగర్ డ్యాము కడుతున్న రోజులవి. డ్యామునూ, కాలవలనూ, వాటి కిందికి రాబోయే పల్లెలనూ పెద్ద బల్ల మీద నమూనా చేసి ఒక డేరాలో పెట్టారు. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు అక్కడున్న గుమాస్తాను ఏమీ అడగలేక, ఊరికే చూసి వెళ్ళిపోతున్నారు.

"చదువుకున్నదానివి, నిదానంగా మాట్లాడతావు. నువ్వయితే వాళ్ళకి విడమరిచి చెప్పగలవమ్మా," అన్నాడాయన.

"నేనా మాస్టారూ? వచ్చేవాళ్ళకి ఎదురుగా నేను నిలబడితే ఏమన్నా అనుకుంటారండీ."

"అనుకున్నప్పుడు చూద్దాంలే."

మొదటిరోజు ఆమె డేరా గుంజ వెనకాలే నిలబడిపోయింది. కొత్తపట్నం నుంచి వచ్చిన బెస్త ఆడవాళ్ళు నలుగురు గలగలా మాట్లాడుకుంటూ లోపలికొచ్చారు. "చెప్పేవోళ్ళెవరూ లేరేందే ఇక్కడ?" అని ఒకామె గట్టిగా అడిగింది. హనుమాయమ్మ పైట సర్దుకుని ముందుకొచ్చింది. "నేనున్నానమ్మా. రండి, చూపిస్తాను," అంది.

ఎవరూ మొహం తిప్పుకోలేదు. ఆ అడిగినామె చనువుగా ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఈ నీళ్ళన్నీ తిరిగి తిరిగి మా సముద్రంలోకే గదమ్మా వచ్చేది! మీరంతా వాడుకోంగా మిగిలినయ్యి!" అంది. హనుమాయమ్మకు నవ్వొచ్చింది. పరాయివాళ్ళ ముందు అంత పెద్దగా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

నాలుగు రోజులు గడిచేసరికి గుంజ వెనక నిలబడటం మానేసింది. బయటికే వెళ్ళి, "రండమ్మా, మీ ఊరు ఎక్కడుందో చూసుకుందురుగాని," అని పిలిచేది. చదువురాని వాళ్ళ వేలు పట్టుకుని వాళ్ళ పల్లె మీద పెట్టించేది. తమ ఊరి మీద వేలానించగానే ఒక్కొక్కరి మొహం దీపం పెట్టినట్టు వెలిగేది. నల్లపాడు జైతున్‌బీ అయితే మళ్ళీ మళ్ళీ వచ్చింది, వచ్చినప్పుడల్లా ఒక చుట్టాన్ని వెంటేసుకుని. "ఈ అక్కగారు చెబితేనే నా బుర్రకెక్కింది. మీరూ వినండి," అనేది వాళ్ళతో.

ఇంట్లో అన్నం తినేటప్పుడు హనుమాయమ్మ ఆ రోజు కబుర్లు చెబుతుంటే అంకమ్మరావు ముద్ద చేతిలో పట్టుకునే వినేవాడు. తన మొహం చూసి జనం లోపలికి వస్తున్నారన్నది తలుచుకుంటే ఆమెకు సంతోషంతో నిద్రపట్టేది కాదు.

ఒక ఆదివారం సందడి బాగా ఉంది. డేరా గుమ్మం దగ్గర ఒక పిల్ల తటపటాయిస్తూ నిలబడింది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. తెల్లచీర, బోడి నుదురు. హనుమాయమ్మ ఆమెను పిలవబోతుండగా వెనకనుంచి ఒక కొత్తజంట, వాళ్ళ బలగం వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి ఆ పిల్లను చూసి టక్కున ఆగి, కోడలి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. తర్వాత తలెత్తి హనుమాయమ్మ నుదుటి వంక చూసింది.

హనుమాయమ్మకు భయమేసింది. ఈవిడ ఇప్పుడు నలుగురిలో నోరు పారేసుకుంటే, రేపు మాస్టారు మెల్లగా, 'ఇక చాల్లేమ్మా' అంటాడేమో. మళ్ళీ వంటింట్లోకే. ఇంకేమీ ఆలోచించలేదు.

"నువ్వు కాస్త పక్కకు తప్పుకోమ్మా. వీళ్ళు చూసి వెళ్ళాక వద్దువుగాని," అంది ఆ పిల్లతో.

"అట్టాగేనండీ," అంది ఆ పిల్ల. కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. తల వంచుకుని డేరా చాటుకు వెళ్ళిపోయింది. హనుమాయమ్మ కూడా ఓ పక్కకు తిరిగి నిలబడి, పెళ్ళివారికి దారి మాత్రం చేత్తో చూపించింది.

వాళ్ళు అడిగినవాటికి ఏం చెప్పిందో ఆమెకు తెలియదు. వాళ్ళు కదలగానే బయటికి పరుగెత్తింది. డేరా వెనక ఎవరూ లేరు. చెరుకురసం బండి దగ్గరా, రంగులరాట్నం దగ్గరా వెతికింది. గేటు దగ్గర టిక్కెట్లు చింపే మనిషిని అడిగితే, "వందమంది పోతా వస్తా ఉంటారు, ఎవర్నని చూసేదమ్మా?" అన్నాడు. ఆ పిల్లది ఏ ఊరో కూడా తను అడగలేదు.

రాత్రి అన్నాల దగ్గర వదినతో చెప్పింది. వెంకటేశ్వరమ్మ అంతా విని, "అందులో తప్పేముంది? కొత్తగా పెళ్ళయినవాళ్ళు. మంచిపనే చేశావు," అంటూ ఆమె కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది. ఎవరైనా తిడితే బాగుండునని వచ్చిన హనుమాయమ్మ ఆ పెరుగన్నం తినకుండానే లేచిపోయింది.

మిగిలిన రోజుల్లో తెల్లచీర కనిపిస్తే చాలు, గబగబా ఎదురెళ్ళేది. చాలామంది వచ్చారు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆ పిల్ల మాత్రం రాలేదు.

ఆఖరి రోజు మీటింగులో సంజీవరావు ఆమెను లేపి నిలబెట్టాడు. "వచ్చినవాళ్ళని ఒక్కర్ని కూడా వదలకుండా ఆదరంగా పిలిచిన మనిషి ఈవిడ," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కాదన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. చెప్పలేక కూర్చుండిపోయింది.

"వచ్చే ఏడు కూడా నువ్వే ఉండాలి," అన్నాడాయన బయటికి వస్తూ.

"ఉంటానండీ," అంది వెంటనే. ఉండాలనే ఉంది మరి. బతుకులో అంత సంతోషంగా గడిచిన రోజులు ఆమెకు వేరే లేవు. వాటిని కాపాడుకోవడానికే ఆ పిల్లను పక్కకు పొమ్మంది. ఇంటికి నడిచినంతసేపూ ఆ ఒక్క సంగతే ఆమెను తొలుస్తూ ఉంది.