వెనక రెండు ముళ్లు

బెరడు మీద పిండి... తాకితే మెత్తగా, ఊపిరికే ఎగిరిపోయేంత సన్నగా.

నిర్మల తోటంతా తిరిగింది. ప్రతి మామిడి కింద అదే పిండి. ఏ చెట్టు చూసినా కొమ్మకు సూదిమొన దిగినంత రంధ్రం.

నలభై చెట్లు. కురవి శివారులో, బోరు ఎండిన రెండు వేసవులు బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్న చెట్లు. ఒకటి నిలువునా ఎండిపోతోంది.

"అన్నీ కొట్టేద్దాం. లేకుంటే పురుగు పక్క తోటలకు పాకుతది" అన్నాడు భర్త ఐలేశ్, ఆమె ముఖం చూడకుండా.

తెల్లారేసరికి చెట్లు కోసే జైసింగ్ మిషను రంపంతో వచ్చాడు.

"నేనొచ్చేదాంక ఒక్క కొమ్మ ముట్టొద్దు, అన్నా" అంది నిర్మల.

చెట్టుకో పురుగు. పురుగుకో కాగితం పొట్లం. పొట్లం మీద చెట్టు నంబరు. అన్నీ సంచిలో వేసుకుని మహబూబాబాద్ బస్సెక్కింది.

వ్యవసాయ ఆఫీసులో పురుగులను పరీక్షించే కళ్యాణి ఒక్కో పొట్లం విప్పింది. నువ్వుగింజంత పురుగులు. అన్నీ నల్లనివే. అన్నీ ఒక్కలాంటివే.

"ఒక్కతీరు గావక్కా. గిటు చూడు."

నిర్మల భూతద్దంలోంచి చూసింది. ఒకదాని వీపు చివర నున్నగా, గుండ్రంగా జారింది. ఇంకోదానికి అక్కడే— రెండు ముళ్లు.

"నున్నగున్నది పచ్చి చెట్టును సంపుతది. ముళ్లది ఎండుకట్టెనే తొలుస్తది. మొన్నటి గాలివానకు ఇరిగిన కొమ్మలకొచ్చిందది."

మధ్యాహ్నం దాటింది. కళ్యాణి అన్నం డబ్బా మూత తియ్యలేదు. ముప్ఫై ఆరు పురుగులకు ముళ్లున్నాయి. మూడు పురుగులకు లేవు. ఒకటి పొట్లంలో నలిగిపోయింది— ఏదో తెలియలేదు.

నిర్మల కళ్యాణి చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"గీ అద్దం ఉంచుకో అక్కా" అంది కళ్యాణి.

తిరిగొచ్చేసరికి జైసింగ్ గట్టు మీదే ఉన్నాడు. వేరే పనికి పోలేదు.

"కాసే చెట్టును కొయ్యాలంటే నాకూ చెయ్యి రాదు చెల్లె."

మూడు చెట్లు కూలాయి. కాలాయి. ఐలేశ్ మిగిలినవాటిని తడుముతూ తిరిగాడు. ఎవరికని దండం పెట్టాలి— అన్నం మరిచిన పిల్లకా, రోజంతా ఆగిన మనిషికా, కంటికి ఆనని ఆ ముళ్లకా? నిర్మల మట్టిని ముట్టుకుని కళ్లకద్దుకుంది.

తేలని చెట్టు ఒక్కటి మిగిలింది.

మర్నాడు పొద్దున నిర్మల భూతద్దం పట్టుకుని దాని ముందే కూర్చుంది. రంధ్రం అంచున పిండి కదిలింది. పురుగు తల బయటికొచ్చింది... తర్వాత వీపు, కొంచెం...

"ఏందే, ఏదది?" అన్నాడు ఐలేశ్.

"జర ఆగు. వెనక భాగం ఇంకా బయటికెల్లలే."