అల్లుడన్న మాట

రజనీకుమారికి కళ్లు పచ్చబడ్డాయని, మాట తడబడుతోందని తెలియగానే గిరీష్ దుర్గ్ దగ్గర జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తున్న కరెంటు పని వదిలేసి ఆసుపత్రికి సైకిలు తొక్కాడు. వార్డు ముందు బెంచీ మీదున్న ఆమె తండ్రి అప్పలసూరి అతణ్ణి చూసి లేచాడు.

"ఏటి, మళ్లీ వచ్చినావు? నీకిచ్చి చెయ్యనన్నానని నా పిల్ల మాత్రలు మింగీసింది."

రజనీ, గిరీష్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. అతని నాన్న రైల్వే గార్డు, హిందువు. అమ్మ బేబీ చర్చికి వెళ్తుంది. ఆ ఇంటికి పిల్లనివ్వనని అప్పలసూరి భీష్మించుకున్నాడు.

డాక్టర్ కుముదిని బయటికొచ్చి అనుమానం తీర్చింది. రజనీ చావాలని మింగలేదు. జ్వరానికి ఒక మాత్ర, జలుబుకి ఒకటి, ఒళ్లు నొప్పులకి ఇంకొకటి కొనుక్కుంది. పేర్లు వేరైనా అన్నింట్లోనూ ఉన్న మందు ఒకటే. తిండి సయించక, ఖాళీ కడుపుతో అవే వేసుకుంటూ వచ్చింది.

"కాలేయం దెబ్బతింది. విరుగుడు ఎక్కిస్తున్నాం. అది పనిచెయ్యకపోతే ఇంకొకరి కాలేయంలో ముక్క పెట్టాలి. మన దేశంలో ఇప్పుడిప్పుడే చేస్తున్నారు. ఢిల్లీకి ఫోన్ చేశాను. దగ్గరి బంధువు ఎవరైనా ఇస్తే ప్రయత్నిస్తారట."

తల్లి లేని పిల్ల. అప్పలసూరికి షుగరు, గుండె జబ్బు.

"నాది తీసుకోండి మేడమ్," అన్నాడు గిరీష్.

"నువ్వేమవుతావు?"

అతను అప్పలసూరి వైపు చూశాడు.

"బయటివాళ్లయితే కమిటీ అనుమతి కావాలి బాబూ. అంతవరకూ ఆ పిల్ల ఆగలేదు."

"నా అల్లుడమ్మా," అన్నాడు అప్పలసూరి. "పసుపుతాడు తెప్పిస్తాను. ఇక్కడే కట్టించెస్తాను."

"స్పృహలో లేని పిల్లకి పెళ్లేమిటండీ?" అంటూనే ఆమె గిరీష్ రక్తం పరీక్షకి పంపింది. గ్రూపు కలిసింది.

ఆ సాయంత్రం నర్సు అతణ్ణి అల్లుడనే లోపలికి పంపింది. రజనీ అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని కూర్చున్నాడు. తన ఒంట్లోది ఒక ముక్క ఈమెలో బతుకుతుందని, ఇక ఎవరూ విడదియ్యలేరని అనుకుంటుంటే గుండె నిండిపోయింది.

మర్నాటికి విరుగుడు పట్టింది. రక్తం మళ్లీ సరిగ్గా గడ్డకట్టసాగింది. రజనీ కళ్లు తెరిచి, "పానీ," అని నీళ్లడిగింది. ఢిల్లీ ప్రయాణం మానేశారు.

ఇంటికి తీసుకెళ్లాక అప్పలసూరి పెళ్లి ఊసెత్తలేదు. గిరీష్ వాళ్ల సెక్టర్ 6 క్వార్టర్‌కి వెళ్తే టీ ఇచ్చి, తల దించుకున్నాడు. "పిల్ల పోతాదేమోనని అన్నాను బాబూ. నన్నింకేటీ అడగొద్దు."

కోలుకునేదాకా ఉండమని రజనీని విజయనగరంలో మేనత్త దగ్గరికి పంపుతున్నాడు. దుర్గ్ స్టేషన్‌కి గిరీష్ వచ్చాడు. అప్పలసూరి చూసీ చూడనట్టు నీళ్ల కుళాయి వైపు నడిచాడు.

కిటికీ ఊచల వెనక రజనీ చిక్కి సగమైంది.

"నీ కాలేయం ఇస్తానన్నావట?"

"అవసరం పడలేదు గదా."

"పడుంటే బావుణ్ణనిపించిందా?"

ఆమె బతికినందుకు అతను దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. అయినా లేదనలేకపోయాడు.

"నాకూ అనిపించింది," అంది రజనీ.

బండి కదిలింది. అతను కిటికీ పట్టుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాడు.