కుడివైపు మెట్లు

పుప్పొడి తీయకపోతే రేపటికల్లా తెల్లబట్ట నిండా పసుపు మరకలు, తీసేస్తే పువ్వు పళ్లూడిన నోరులా బోసిగా కనిపిస్తుంది, రెండింట్లో బోసినోరే నయం అంటుంది రిబ్బనాంటీ ప్రతి ఏడూ, అందుకే ఒక్కో లిల్లీ గొంతులో వేళ్లు పెట్టి లోపలి కాడలు గిల్లి పాత పేపర్లో పడేస్తున్నాను, వేళ్లు పసుపు, ముక్కు కొన పసుపు, ఈ వాసనకి తల దిమ్ముగా ఉంది, వెనకనుంచి నాన్న మళ్లీ అడుగుతున్నాడు, ఏవండీ, ఎవరి పెళ్లండీ ఇది, పెళ్లి కాదు నాన్నా, రేపు ఈస్టర్, ఓహో అలాగా అని తలూపి రిబ్బను ఉండ మళ్లీ విప్పడం మొదలుపెట్టాడు, ఆ ఉండ నేనే ఇచ్చాను, చుట్టినంతసేపు ముందు బెంచీలో కుదురుగా కూర్చుంటాడు, చుట్టడం విసుగేస్తే లేస్తాడు, లేస్తే చర్చి తలుపుదాకా పోతాడు, తలుపు దాటితే రోడ్డు, ఆ లోపల ఈ పూలకుండీలన్నీ మెట్లబల్లలమీదికి ఎక్కించాలి, నడుము లాగేస్తోంది, నిన్న గుడ్ ఫ్రైడేకీ సెలవివ్వని ఆఫీసునుంచి నేరుగా ఇక్కడికొచ్చి సాయంత్రం ఆరాధన అయ్యాక కొవ్వొత్తి మైనం గీకాను, ఇంటికెళ్తే నాన్న నిద్రపోడు, గూట్లో ఉలి వెతుకుతాడు, ఆ ఉలిని అమ్మ ఎప్పుడో దాచేసింది, కనబడదు, వెతకడం ఆపడు, నేను దుప్పటి కప్పుకుని గుమ్మానికి అడ్డంగా పడుకుంటాను, నామీద కాలేసి దాటబోయి, అయ్యో సారీ అండీ, చూసుకోలేదు అంటాడు.

రిబ్బనాంటీ అసలు పేరు ఎవరూ పిలవరు, పోయిన ఏడాది రిబ్బన్లు ఇస్త్రీ చేసి మళ్లీ కడుతుంది కాబట్టి ఆ పేరు, ఇప్పుడు ఆరాధన బల్లమీద శుక్రవారం పరిచిన నల్లగుడ్డ తీసి మడతపెడుతూ నావైపు చూడకుండానే అంటోంది, మీ లిల్లీలు కొన్ని మూతి ముడుచుకుని కూర్చున్నాయమ్మా అచ్చం మా కోడల్లాగా, గోరువెచ్చని నీళ్లు పొయ్యి, రేపటికి విచ్చుకుంటాయి, కోడలికీ పోసి చూశారా ఆంటీ అన్నాను, ఆవిడ నవ్వింది, నాకూ నవ్వొచ్చింది కానీ బయటికి రావడానికి ఓపిక లేక లోపలే ఉండిపోయింది, తెల్లబట్ట రెండు చివర్లూ చెరొకరం పట్టుకుని దులిపి పరిచాం, ఒక మూల ముడత పడితే ఆవిడ అరచేతితో పొమ్మన్నట్టు తోసింది, పుప్పొడి పడితే తడిగుడ్డ పెట్టకు, టేపుతో అద్దు అని మరోసారి చెప్పింది, నాకు తెలుసని ఆవిడకి తెలుసు, అయినా చెప్తుంది, చెప్పించుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

ఎడమవైపు మెట్లు బతికున్నవాళ్లవి, కుడివైపు మెట్లు పోయినవాళ్లవి, మా చర్చిలో ఎప్పటినుంచో ఇదే పద్ధతి, ఆపరేషన్ అయి లేచినవాళ్లకీ, పుట్టిన బిడ్డకీ, ఉద్యోగం వచ్చిన పిల్లలకీ కృతజ్ఞతగా ఎడమవైపు ఒక కుండీ, కన్నుమూసినవాళ్ల జ్ఞాపకంగా కుడివైపు ఒక కుండీ, ప్రతి కుండీకీ పేరు రాసిన అట్టముక్క, రేపు పొద్దున పాస్టరుగారు కుడివైపు నిలబడి ఆ అట్టముక్కలు ఒక్కొక్కటే చదువుతారు, చదివినప్పుడల్లా ఆ ఇంటివాళ్లు లేచి నిలబడతారు, ఆ మెట్లబల్లలు రెండూ నాన్న చేసినవే, అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను, చెక్క ఒక చివర నేను పట్టుకుంటే రెండో చివర కోసేవాడు, కదలకుండా పట్టుకో దొంగా అనేవాడు, దొంగ అంటే పెన్సిల్ దొంగ, ఆయన చెవి వెనక దోపుకున్న పెన్సిల్ నేను లాగేసుకుని లెక్కలు చేసుకునేదాన్ని, కొలత గీయబోయి చెవి తడుముకుని, దొరికావే దొంగా అని వెంటపడేవాడు, అమ్మవైపూ నాన్నవైపూ వెతికినా నాకు ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు, పట్టా వచ్చినరోజు ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, నా పెన్సిళ్లన్నీ ఇందులోకే పోయాయన్నమాట అన్నాడు, అంతే అన్నాడు, ఏవండీ ఇది ఎవరి పెళ్లండీ అంటున్నాడు ఇప్పుడు, నాన్నా, నేను నాన్నా, నన్ను చూడు, నీ కూతుర్ని, అవునా, చాలా సంతోషమండీ, మరి మీరు ఎవరి తరఫు?

ఇంకొక్క కుండీయే మిగిలింది, మా ఇంటిది, పొద్దుట్నుంచీ దాన్నే వెనక్కి పెడుతున్నాను, పోయిన ఏడూ అంతకుముందూ ఎడమవైపే పెట్టాను, నాన్న ఆరోగ్యం కోసం అని రాయించాను, ఈసారి అట్టమీద ఆయన పేరొక్కటే ఉంది, అమ్మ అలాగే రాయించింది, ఈ పొద్దున అమ్మ నాన్నకి చొక్కా గుండీలు పెడుతోంది, ఆయన బడికెళ్లే పిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు, అమ్మ గుండీమీదనుంచి కళ్లు తిప్పకుండా, ఈసారి మీ నాన్న కుండీ కుడివైపు పెట్టవే అంది, కుండీ అన్న మాట వినబడింది, కుడివైపు అన్న మాటా వినబడింది, రెండూ కలిసి అర్థం కావడానికి కాసేపు పట్టింది, అదేంటమ్మా ఆయన బతికే ఉన్నాడు కదా, ఉన్నాడు, గుండీలు పెట్టేది నేనే, నాకు తెలీదా, ఆయన ముందే అలా ఎలా అంటావమ్మా, ఆయనకి అర్థమైతే నేనెందుకంటానే, అప్పుడు అమ్మ చివరి గుండీ దగ్గర ఆగింది, నా మొగుడు పోయాడే, ఏరోజు పోయాడో కూడా తెలీకుండా పోయాడు, తెలిస్తే ఆరోజు కూర్చుని ఏడ్చేదాన్ని, నలుగురూ వచ్చి ఓదార్చేవాళ్లు, ఒక్కరూ రాలేదు, ఎందుకొస్తారు, మనిషి ఇక్కడే ఉన్నాడాయె, ఈయన ఎవరో పెద్దమనిషి, మంచివాడే పాపం, టీ ఇస్తే థాంక్సండీ అంటాడు, మీ నాన్న ఎన్నడైనా నాకు థాంక్స్ చెప్పాడా, ఈయన్నీ చూసుకుంటాను, చూసుకోనని అన్నానా, కానీ ఆయన్ని ఆయన చోట పెట్టనీ, అని కాలరు సర్దింది, నాన్న గడ్డం దించి, థాంక్సండీ అన్నాడు.

నాకు కోపం వచ్చింది, వీధి పొడుగునా కోపంగానే నడిచాను, ఒక చేత్తో నాన్న మణికట్టు, ఇంకో చేత్తో కుండీ, ఇది ఏ కూతురు చేసే పని, రేపు పాస్టరుగారు ఆ పేరు చదివితే ముందు బెంచీలో కూర్చున్న ఆ పేరుగల మనిషి రిబ్బను చుట్టుకుంటూ ఉంటాడు, అందరూ తలలు తిప్పుతారు, ఆఫీసులో ఎవరడిగినా నాన్న బాగానే ఉన్నారండీ అని రెండేళ్లుగా చెప్తున్నాను, బాగానే అంటే ఏమిటో నేనూ అడగను, వాళ్లూ అడగరు, రోజుకి ఎన్నిసార్లయినా నేను నీ కూతుర్ని అని చెప్తాను, చెప్పి చెప్పి నాలిక ఎండిపోతుంది, బావిలో పడ్డ చెంబుని పైనుంచి పేరుపెట్టి పిలుస్తున్నట్టుంటుంది, అమ్మ మాత్రం ఈ మధ్యాహ్నం తలుపేసుకుని పడుకుంది, వారంలో అమ్మకి దొరికే నిద్ర ఇదొక్కటే, లేచాక అడుగుతుంది, పెట్టావా అని, పెట్టానంటే ఏ వైపు అని అడగదు, రేపు వచ్చి కళ్లతో చూసుకుంటుంది, అదే భయం.

కుండీ ఎత్తాను, ఎడమవైపు ఒక ఖాళీ ఉంది, చిన్నది, చంటిపిల్లవాడి కుండీ పక్కన, అక్కడ పెట్టేస్తే అయిపోతుంది, కాళ్లు అటు వెళ్లలేదు, కుడివైపుకి తిరిగాను, రిబ్బనాంటీ చూసి, అటు కాదమ్మా, అది పోయినవాళ్లది అంది, అమ్మ పెట్టమంది ఆంటీ, ఆవిడ చేతిలో రిబ్బను అలాగే ఆగిపోయింది, పేరు చదువుతారమ్మా రేపు, ఆయన అక్కడే ఉంటాడు, తెలుసాంటీ, ఆవిడ కాసేపు నాన్నవైపు చూసింది, కాసేపు పైమెట్టుమీద తన భర్త కుండీవైపు చూసింది, పొద్దున దాన్ని పెడుతూ బతికున్నప్పుడు మంచమంతా నీదే, ఇప్పుడు మెట్టంతా నీదే అని తిట్టి మరీ పెట్టింది, మీ అమ్మ ఏడ్చిందా అని అడిగింది, లేదాంటీ, నేను మా ఆయన పోయినప్పుడు వారంపాటు ఏడ్చానమ్మా, ఇంటినిండా జనం, ఎవరో ఒకరు కాఫీ పెట్టి చేతికిచ్చేవాళ్లు, అని భర్త కుండీని పక్కకి జరిపి చోటు చేసి, గోరువెచ్చని నీళ్లకోసం వెనక గదిలోకి వెళ్లిపోయింది.

పెట్టాను, పెట్టగానే మెట్లబల్ల ఊగింది, ఏటేటా కుండీల నీళ్లు కారి దాని వెనక కాలు చివికింది, లిల్లీలన్నీ ఒక్కసారి తలలూపాయి, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను, వదిలితే పడేట్టుంది, వదలకపోతే సాయంత్రందాకా నేనిలాగే ఉండాలి, అలాగే ఉండిపోవాలనీ అనిపించింది, వెనక చప్పుడు లేదు, రిబ్బను చప్పుడు లేదు, తిరిగి చూస్తే బెంచీ ఖాళీ, ఉండ నేలమీద, తలుపువైపు చూశాను, తలుపు మూసే ఉంది, ఇటు చూస్తే నా కాళ్ల దగ్గర నాన్న, మోకాళ్లమీద కూర్చుని, చెంప నేలకి ఆనించి బల్ల కాలుకింద సందు చూస్తున్నాడు, లేచాడు, జేబులు తడుముకున్నాడు, చెయ్యి చెవి వెనక్కి వెళ్లి వట్టినే వచ్చింది, చుట్టూ చూసి, మా కుండీకి కట్టిన అట్టముక్క లాగాడు, తన పేరున్న అట్టముక్క, చదవలేదు, బొటనవేలితో మందం చూశాడు, ఒక మడత, ఇంకో మడత, కాలుకింద దోపి అరచేత్తో ఒక దెబ్బ కొట్టాడు, పైమెట్టు పట్టుకుని ఊపి చూశాడు, ఊగలేదు, ఇక పడదండీ, పెళ్లివాళ్లు నిశ్చింతగా రావచ్చు అన్నాడు.

వంగి దాన్ని లాగుదామనుకున్నాను, చెయ్యి సగందాకా వెళ్లి ఆగింది, ఎవరు చదువుతారు ఇప్పుడు దాన్ని, చదవకపోతే ఏం, అమ్మ కుండీని గుర్తుపడుతుంది, కుడివైపు ఉందని చూస్తుంది, అమ్మ పాస్టరుగారి నోట వినాలనుకోలేదు, నా నోట వినాలనుకుంది, అవునమ్మా పోయాడు, నాకూ తెలుసు అని, ఆ ఒక్క మాట చెప్పకుండా ఎన్ని రాత్రులు గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను, చెవి వెనక పెన్సిల్ పెట్టుకునే మనిషి ఎప్పుడో వెళ్లిపోయాడు, దొంగా అనే గొంతు వెళ్లిపోయింది, కళ్లలోకి నీళ్లొచ్చాయి, పసుపు వేళ్లతో తుడుచుకోకూడదు కదా అని అలాగే వదిలేశాను, కారాయి, ఒకరి కోసం ఏడవడం ఇంత తేలికా, ఆయన బెంచీలోకి వెళ్లి కూర్చుని నావైపే చూస్తున్నాడు, ఏవండీ, మీరు ఎవరి తరఫు, కూతుర్ని అనబోయి ఆగాను, పెళ్లికూతురి తరఫండీ అన్నాను, ఆయన ముఖం విప్పారింది, అలాగా, మంచిదండీ, అని రిబ్బను ఉండ ఒళ్లోకి తీసుకుని పక్కకి జరిగి బెంచీమీద చోటు చూపించాడు, కూర్చోండి, పొద్దుట్నుంచీ చూస్తున్నాను, నిలబడి నిలబడి బాగా అలిసిపోయారు, మా నాన్న ఎన్నడూ అనని మాట, ఇంతకాలంగా ఎవరూ అనని మాట, కూర్చున్నాను, ఈయనతో రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను, ఈయనెవరో ఇంతవరకూ ఒక్కసారీ అడగలేదు.