సలోమి చేతుల మంట

నేను అరచేతంత ఉండే ఆకుపచ్చ బట్టల సబ్బును. మంగళగిరి దగ్గర ఒక రేకుల షెడ్డులో నన్ను అచ్చుపోసి, ఆరబెట్టి, తీగతో కోశారు. ఒంటి మీద కాగితం లేదు, చెప్పుకోదగ్గ సువాసనా లేదు. గుంటూరులో హుస్సేన్‌బీ నన్ను చీరలు ఉతకడానికి కొని, ఒక మూల అరిగాక పక్కింటి సలోమికి ఇచ్చేసింది.

సలోమి మిర్చి గోదాములో తొడిమలు తీస్తుంది. కూతురు కెజియా మూణ్ణెల్ల పాపతో పుట్టింటికి వచ్చిన రోజు, చేతులు నీళ్లతో కడుక్కుని ఆత్రంగా మనవరాలిని ఎత్తుకుంది. బుగ్గ నిమిరిందో లేదో, పాప గుక్కపట్టి ఏడ్చింది. బుగ్గ ఎర్రగా కందిపోయింది.

"పనిలోంచి వచ్చి పిల్లని ముట్టుకోమాకమ్మా," అంది కెజియా, తనూ ఏడుస్తూ.

మర్నాడు సలోమి గులాబీ రంగు ఒంటి సబ్బు కొన్నది. ఆ మర్నాడు సీసాలో సబ్బు. ఈ సంగతులన్నీ కుళాయి గట్టు మీద ఆ రెండు సబ్బులే నాకు చెప్పాయి, కాస్త సిగ్గుపడుతూ. చెయ్యి ఘుమఘుమలాడితే చాలు, శుభ్రమైపోయిందనుకుంటారు మనుషులు. సలోమి అనుకోలేదు. కడిగిన ప్రతిసారీ వేలు తన పెదవికి ఆనించి చూసుకునేది. "ఊహూ, మండుతానే ఉంది," అని పాపను గుమ్మంలోంచే పలకరించేది.

ఆదివారం నన్ను తెచ్చిచ్చిన హుస్సేన్‌బీ తేల్చి చెప్పింది. "నువ్వు గబగబా రెండు రుద్దులు రుద్ది కడిగేస్తున్నావక్కా. కారం ఉత్త నీళ్లకి పోద్దా? ముందు నూనె పట్టించు. ఆనక దీంతో నిదానంగా రుద్దు. గోళ్లల్లో కూడా."

సోమవారం పని నుంచి రాగానే సలోమి చేతులకు వంటనూనె పట్టించి నన్ను అందుకుంది. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద తిప్పితిప్పి రుద్దింది. నురగ ఎర్రబడింది. కడిగి మళ్లీ రుద్దింది. మూడోసారికి తెల్లగా వచ్చింది. వేలు పెదవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయింది.

"కెజియా! ఇట్రావే, నువ్వు చూడు!"

కెజియా తల్లి వేలు నాలుకకు తాకించుకుంది. "కారం లేదమ్మా! సబ్బు రుచి, థూ!" అని పకపకా నవ్వి, పాపను ఆమె చేతుల్లో పెట్టింది. పాప అమ్మమ్మ బొటనవేలు గుప్పిట పట్టి నోట్లో పెట్టుకుంది. సలోమి ఊపిరి బిగబట్టింది. పాప మాత్రం చప్పరిస్తూ కాళ్లాడించింది.

అంత నూనె, అంత ఓపిక దొరికుంటే గులాబీ సబ్బూ నెగ్గేదేమో. ఆ మాట దానితో నేను అనలేదు. ఇప్పుడు నేను రోజూ సాయంత్రం కాస్త తరుగుతున్నాను, పాప కాస్త బరువెక్కుతోంది.