పండిన పాలు

కాగే పాలలో కాశమ్మ పులిసిన తేటను గరిటెడు గరిటెడుగా పోస్తోంది. నిన్న పనీర్ వడకట్టగా మిగిలిన తేట అది. కాసేపటికి తెల్లటి ముద్దలు పైకి తేలాయి.

"పాలు పండినయమ్మా!" అని కేకేసింది.

శాలిబండలోని ఆ పాలవాళ్ల ఇంట్లో 'విరిగినయి' అనకూడదు. అంటే పాడి పోతుందని యజమానురాలు లీలమ్మ పట్టింపు. ఇరవై ఆరేళ్లుగా కాశమ్మ పనే పాలు విరగ్గొట్టడం, ఆ మాట మాత్రం నోట రాకూడదు. ఏం చోద్యమో!

"పండితే పండినయ్ గానీ గట్ల అరుస్తవేందే?" లీలమ్మ గుమ్మంలోంచే కసిరింది. "రేపటికెల్లి దుకాణంల మిషిన్ పనీరే. ఇయ్యాల వియ్యపురాలు మెచ్చుకుంటే నిన్ను ఉంచుత. లేకుంటే నీ తోవ నువ్వు చూస్కో."

సాయంత్రం లీలమ్మ కూతురు తనూజ నిశ్చితార్థం. వంటలన్నీ క్యాటరింగ్‌వాళ్లవి, మసాలా పనీర్ ఒక్కటే కాశమ్మది. 'దీని మూతికి నవ్వెప్పుడొచ్చింది గనక' అని కాశమ్మ లోపలే తిట్టుకుంది. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు, రోట్లోని పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర, పుదీనాలను కసిదీరా నూరింది. పొగలు కక్కే పాలముద్దలో ఆ పచ్చటి నూరుడును వట్టి చేత్తోనే కలిపింది. వేళ్లు భగ్గుమన్నాయి. అంతా గుడ్డలో మూటగట్టి నీరు దిగేలా మీద పొత్రం పెట్టింది.

సాయంత్రం ముక్కలు కోసి, పెనం మీద ఎర్రగా కాల్చి పంపింది. వియ్యపురాలు వరసగా నాలుగు తిన్నది.

"అబ్బ, నోరు మండుతాంది గానీ చెయ్యి ఆగుతలేదు! ఎవలు చేసిన్రు వదినా?"

ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కాశమ్మ ఓ అడుగు ముందుకేసింది.

"మా తనూజనే వదినా. పొద్దుగాల్నించి రోటికాడనే ఉంది," అంది లీలమ్మ, కాశమ్మ వైపు చూడకుండానే.

"అట్లనా బిడ్డా! పాలల్ల నిమ్మకాయ పిండినవా?"

తనూజ మెహందీ చేతులు ఒళ్లో దాచుకుంది. "అవ్ ఆంటీ, నిమ్మకాయనే."

నోరు మూసుకుంటే కాశమ్మ పని పోకుండా ఉండేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"నిమ్మకాయ కాదమ్మా, పులిసిన తేట," అంది. "పాలు ఇరగ్గొట్టింది నేను."

వియ్యపురాలు అయిదో ముక్కను పళ్లెంలో పెట్టేసింది.

"నీ నోట్ల మన్నువడ! శుభమాని గదేం మాటనే? నడువ్ ఇంట్లకెల్లి!" లీలమ్మ అరిచింది.

నోరు జారిందనే అందరూ అనుకున్నారు. జారలేదు. ఇరవై ఆరేళ్లు పళ్ల వెనక ఆపిన మాటను కాశమ్మే బయటికి తోసింది.

"పాలు యాడనన్న పండుతయా లీలమ్మా? ఇరుగుతయ్," అని ట్రే కింద పెట్టి, సంచి చంకన పెట్టుకుని, తన ఇల్లున్న జల్‌పల్లికి ఆటో ఎక్కింది. ఎవరూ వెనక్కి పిలవలేదు.

లీలమ్మ వంటింటి మూలన తడిగుడ్డ కప్పిన కుండలో, రేపటి పాల కోసం ఆమె పొద్దున ఎత్తిపెట్టిన తేట అప్పుడే పులవడం మొదలుపెట్టింది.