ట్యాంకు మీద చెయ్యి

రంగు మీద మెరుపు కోసం కొట్టే క్లియర్ కోటులో మళ్ళీ గుంటలు పడ్డాయి. ఒక్కోటి ఆవగింజంత, అడుగున రంగు కనపడేలా. నిగనిగలాడాల్సిన బండి పెట్రోలు ట్యాంకు మశూచి మొహమైంది. అమలకు ఒళ్ళు మండిపోయింది. ఇది రెండోసారి.

"ఆడోళ్ళ చెయ్యి పడితే ఇంతే!" అన్నాడు షెడ్డు యజమాని దొరస్వామి. అనడం కాదు, వడమాలపేట బస్టాపులో ఉన్నవాళ్ళకు వినపడేలా అరిచాడు. "మీ నాయన కొడితే దాంట్లో మొగం సూసుకోవచ్చు. ఇంగొక్కసారి సూస్తా. మళ్ళా ఇట్లే అయితే గన్ను సుకుమార్‌కి ఇచ్చేస్తా. నువ్వు పోయి వాటర్ పేపర్ పట్టుకోని పాత రంగు రుద్దుకో."

ఆ స్ప్రే గన్ను ఆమె నాయన సుందరరాజు ఇదే షెడ్డులో ఇరవై ఏళ్ళు పట్టుకున్నది. థిన్నర్ పీల్చి పీల్చి ఊపిరి ఆడక ఆయన ఇంట్లో కూలబడ్డాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు అమల పాత రంగులు గీకింది, నీళ్ళలో రుద్దింది, వేళ్ళ మీది గీతలు అరిగిపోయాక గానీ గన్ను ఆమె చేతికి రాలేదు. ఇప్పుడు చెయ్యి మంచిది కాదని లాక్కుంటాడట! చెయ్యి మంచిదా కాదా అని చూడటానికి ఇదేమైనా శంకుస్థాపనా? రంగు పని. తప్పు వచ్చిందంటే దానికి కారణం ఉండి తీరాలి.

పళ్ళు నూరుకుంటూనే వెతికింది. కంప్రెసర్లో చేరిన నీళ్ళు వదిలింది. గాలి గొట్టానికి కొత్త ఫిల్టర్ బిగించింది. థిన్నర్ మార్చింది, తుడిచే గుడ్డ మార్చింది. జిడ్డు ఏ మాత్రం ఉన్నా క్లియర్ అక్కడ నిలవకుండా పక్కకు జరిగిపోతుంది, గుంట పడుతుంది. అది తెలిసిందే. కానీ జిడ్డు గాలిలోనే ఉంటే మడ్‌గార్డుల మీదా గుంటలు పడాలి కదా. వాటి మీద ఒక్కటీ లేదు. రెండుసార్లూ ట్యాంకు మీదే, అదీ కుడివైపే. అంటే తను తుడిచాక ట్యాంకును ఎవరో ముట్టుకుంటున్నారు.

మూడోది బంగారుపాళ్యం మామిడి వ్యాపారి ధనశేఖర్ బుల్లెట్. మాగిన తోతాపురి రంగు కావాలన్నాడు, ఎరుపు ఎక్కడ ఆగిందో పసుపు ఎక్కడ మొదలైందో తెలియకూడదన్నాడు. అమల మూడు రోజులు కష్టపడి తెచ్చింది. షెడ్డులో తోటి పనివాడు సుకుమార్ కూడా వచ్చి చూసి, "కోసుకోని తినేట్టుండాది" అన్నాడు. క్లియర్ కొట్టే రోజు ధనశేఖర్ స్వయంగా వచ్చి బయట కుర్చీలో కూర్చున్నాడు.

అమల ట్యాంకు తుడిచి, క్లియర్ గట్టిపడటానికి దాంట్లో హార్డనర్ కలపాలని వెనక్కి వెళ్ళింది. కలుపుతూ తడిక సందులోంచి చూసింది.

దొరస్వామి మోకాలికి నొప్పుల తైలం రుద్దుకుంటున్నాడు. రోజంతా రుద్దుతూనే ఉంటాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుని లేచాడు, లోపలికి వచ్చాడు, కుడి అరచెయ్యి ట్యాంకు మీద ఆనించి కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. ఆమె చేతి దోషం తగలకుండా తన మంచి చెయ్యి పెట్టి దండం పెట్టుకుంటున్నాడు!

ఆయన బయటికి పోయాక అమల ట్యాంకు దగ్గరికి వచ్చింది. తైలం వాసన ముక్కుకు తగిలింది. గుడ్డ భుజం మీదే ఉంది. ఒక్క నిమిషం పని, తుడిచేస్తే చాలు. తన తోతాపురి రంగును ఒకసారి ఆశగా చూసుకుంది. బస్టాపులో నలుగురికీ వినపడేలా దొరస్వామి అన్న మాటలు గుర్తొచ్చాయి. మాస్కు పెట్టుకుని, తుడవకుండానే గన్ను నొక్కింది.

తడి క్లియర్‌లో గుంటలు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి. అరచేతి మేర ఒకచోట, దాని పైన నాలుగు వరుసలు, పక్కన బొటనవేలు. ఆమె అందరినీ పిలిచింది.

"మళ్ళానా!" అని దొరస్వామి నోరు తెరిచేలోపు అమల ఆయన మణికట్టు పట్టుకుని, ట్యాంకుకు తగలకుండా గుంటల పైన ఆపింది. వేలికి వేలు సరిపోయింది. తన చెయ్యీ పెట్టి చూపించింది. అది చిన్నది.

"మంచికే కదమ్మే పెట్టింది..." అన్నాడు దొరస్వామి. మొహం నల్లబడింది. అంతలోనే కోపం తెచ్చుకున్నాడు. "సూసినావు కదా, తుడిచేసి కొట్టొచ్చు కదా! కావాలనే పాడు చేస్తివే!"

"అవున్నా, కావాలనే. తుడిచేసి కొట్టింటే బాగొచ్చేది. నీ చెయ్యి మంచిది కాబట్టే బాగొచ్చిందని సచ్చేదాకా చెప్పుకుంటా వుందువు."

సుకుమార్ తల వంచుకున్నాడు. ధనశేఖర్ లేచి, "నాలుగు దినాలు లేటయితే కానీలే. ఆ పాపే కొట్టాల" అని బస్టాపు వైపు పోయాడు.

అందరూ పోయాక దొరస్వామి ఆమె దగ్గరికి వచ్చి, "గన్ను నువ్వే పెట్టుకో, గమ్మునుండు" అని గొణిగాడు. తిట్టింది రోడ్డంతా వినేలా, ఒప్పుకున్నది చెవిలో. అమల కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు పొద్దున క్లియర్ ఎండింది. మొత్తం రుద్దాలి. దొరస్వామి అలవాటుగా వాటర్ పేపర్ తీసి ఆమెకు అందించాడు. ఆమె దాన్ని తీసుకోలేదు. బకెట్టు ఆయన ముందుకు జరిపింది.

"నువ్వే రుద్దన్నా. ముందు పోయి చేతులు సబ్బేసి కడుక్కోనిరా."