పెద్దకూతురి పేరు కొట్టివేత

ఏటా జనవరిలో లండన్ నుంచి వంశావళి గ్రంథం అచ్చువేసేవాళ్లు పెంథర్న్ ప్రభువుల పేజీని తప్పులు దిద్దమని పంపేవారు. ఆ పని ఉర్సులాది. ఆ ఇంటి పెళ్లికాని పెద్దకూతురు కాబట్టి, తల్లికి టీ పోయడం, ఆవిడ కుక్కల్ని తిప్పడం లాగే ఇదీ ఆమె నెత్తినే పడింది.

దిద్దడమంటే తల్లి చెప్పింది రాయడమే. తల్లి లేడీ సిబిల్లా ఏటికేడు చిన్నదవుతూ వచ్చింది. 1853లో పుట్టిన మనిషి, 1929 వచ్చేసరికి 1866లో పుట్టినట్టు తేలింది. పెళ్లి సంవత్సరం కూడా బుద్ధిగా ఆవిడ వెంటే నడిచింది. ఆవిడ చెల్లెలు వెనీషియా లడ్లో ఊళ్లో పశువైద్యుణ్ణి చేసుకున్న ఏడే ఆ పేజీలో "మరణించెను" అయిపోయింది. చనిపోయినావిడ ప్రతి క్రిస్మస్‌కీ జామ్ సీసాలు పంపేది. సిబిల్లా లొట్టలేసుకుంటూ తినేది.

1929లో మాత్రం ఉర్సులా కలం ఆగింది.

"అమ్మా, నేను పుట్టింది 1877లో. ఈ లెక్కన నీకు పదకొండేళ్లప్పుడు పుట్టాను."

సిబిల్లా టోస్టుకి వెన్న రాస్తూ ఆలోచించింది. "మీ తమ్ముడిది కుదురుతుందా?"

"కుదురుతుంది. వాడు పుట్టేసరికి నీకు ఇరవై ఒకటి."

"మరింకేం? నీ పేరు కొట్టెయ్."

"కొట్టేస్తే నేనెవర్ని?"

"దానికి మొహం ముడుచుకుంటావెందుకే? మొగుడా, పిల్లలా? నీ కింద ఎవరూ లేరుగా. పేజీ శుభ్రంగా ఉంటుంది."

ఏడుపొస్తుందనుకుంది ఉర్సులా. రాలేదు. యాభై రెండేళ్ల బరువేదో భుజాల మీంచి దిగినట్టయింది. స్కేలు పెట్టి తన పేరు నీటుగా కొట్టేసింది. చెయ్యి ఎలాగూ ఆడుతోంది కదా అని తల్లి పుట్టిన ఏడునీ, పెళ్లి ఏడునీ ఉన్నదున్నట్టు మార్చింది. పిన్నిని బతికించి, పక్కన భర్త పేరూ వృత్తీ రాసింది. కళ్లజోడు ముసలివాళ్లకని నమ్మే సిబిల్లా చూడకుండానే సంతకం చేసింది.

మధ్యాహ్నం ఉర్సులా పెట్టెతో మెట్లు దిగింది.

"ఎక్కడికే? నాలుగింటికి టీ ఎవరు పోస్తారు?"

"మీ ఇంటివాళ్లెవరైనా పోస్తారు లెండి, దొరసానిగారూ," అంది, అతిథులు సెలవు తీసుకునే పద్ధతిలో తల వంచి.

వసంతంలో గ్రంథం బయటికొచ్చింది. లండన్ విందులో ఓ బిషప్ భార్య సిబిల్లా చెయ్యి పట్టుకుని, డెబ్బై ఆరేళ్లకి ఈ ఓపిక దేవుడిచ్చిందేనని పదిమందికీ వినపడేలా మెచ్చుకుంది. పశువైద్యుడు ఎలా ఉన్నాడని ఇంకొకావిడ అడిగింది. సిబిల్లా భోజనం కాకుండానే లేచి వచ్చేసింది.

వారం తిరిగేసరికి లడ్లోలో పిన్ని ఇంటికి సిబిల్లా ఉత్తరం వచ్చింది. తిరిగొస్తే వచ్చే ఏడు పేరు మళ్లీ వేయిస్తానని అందులో ఉంది. అప్పటికి ఉర్సులా చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఈనుతున్న గొర్రె తల పట్టుకుని కూచుంది. వెనీషియాయే చదివి వినిపించింది.

"ఏం రాయమంటావే?"

"నాకు తీరిక లేదని రాయి పిన్నీ. ముందు ఆ వేడినీళ్లు ఇలా ఇవ్వు."